పోచమ్మకు పోసిన బీరు

మా ఆయన లెక్కలో బీరు మందు కిందికి రాదు. బేగంబజార్‌లో పొద్దంతా ట్రాలీ ఆటో మీద స్టీలు గిన్నెలు చేరవేసి ఇంటికొచ్చి, సీసా మూత తీస్తూ "బీరేమన్న మందా" అనేవాడు. ఔనని వాదించీ వాదించీ చివరికి నాకే అనుమానం వచ్చేది. కళ్ళు పచ్చబడి ఆస్పత్రిలో పడ్డాక, ఇంకోసారి తాగితే తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు నన్ను కోప్పడ్డాడు, తాగింది నేనైనట్టు. ఇంటికి రాగానే ఆయన్ని మాదన్నపేటలో మా గల్లీ చివరి పోచమ్మ గుడికి లాక్కుపోయాను. చేతిలో పసుపు పట్టుకుని, ఇక బీరు ముట్టనని అమ్మవారి ముందు ఒట్టేశాడు. అప్పటి నుంచి నిజంగానే ముట్టలేదు.

చిక్కంతా తర్వాత వచ్చిన బోనాలకు. మా ఇంట్లో బోనంతో పాటు అమ్మవారికి కల్లు సాక పోస్తారు, అంటే గద్దె ముందు ధారగా నేల మీద పోయడం. మిగిలింది ఇంటివాళ్ళకు ప్రసాదం. ఆ ఏడు వానలకు కల్లు దొరకలేదు. పండగనాడు వైన్ షాపులు మూసేస్తారని, అత్తమ్మ చెబితే మా మరిది ముందు రోజే కల్లుకు బదులు ఒక బీరు సీసా తెచ్చి మా ఫ్రిజ్‌లోనే పెట్టాడు. నేను అత్తమ్మ మీద లేచాను. వద్దని ఒట్టేసింది ఆ తల్లి ముందే కదా, ఆ తల్లికే ఇది ఎట్లా పోస్తామన్నాను. ఒట్టు తన కొడుకు వేశాడు గానీ తల్లి వేయలేదు కదా అంది అత్తమ్మ.

బోనం కుండకు పసుపు పూస్తుంటే, డిగ్రీలో చరిత్ర చదివే నా కూతురు ఫోన్ చూసి చెప్పడం మొదలుపెట్టింది. పాతకాలం ఈజిప్టులో దేవుళ్ళకు బీరు నైవేద్యం పెట్టేవాళ్ళట. యూరప్ మఠాల్లో సన్యాసులే తయారుచేసుకునేవాళ్ళట, ఉపవాసం రోజుల్లో దానితోనే గడిపేవాళ్ళట. అన్ని దేశాల్లో చెల్లింది నా ఒక్కదాని ఇంట్లోనే పాపమైందా అని తల తిరిగిపోయింది. పక్కింటి ముస్లిం పెద్దామె, మేమంతా పిలిచే ఖాలా, గోడ అవతల నుంచి అంతా విని, "మాకైతే హరామ్, లొల్లే లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క మాటతో తేలిపోయే ఆ ఇంటి మీద నాకు ఈర్ష్య కలిగింది.

గుడి దగ్గర అత్తమ్మ సగం సీసా సాక పోసింది. నురగ పసుపునీళ్ళలో కలిసి నా కాళ్ళ దాకా వచ్చింది. మిగతా సగం స్టీలు గ్లాసులో పోసి కొడుకు చేతికిచ్చింది.

"తల్లి ఇచ్చింది కొడుకా, కాదనొద్దు. ఒక్క గుక్క."

ఆయన గ్లాసు వంక చూసి, నా వంక చూశాడు. తాగమంటే మనిషి దక్కడు. వద్దంటే అమ్మవారి ప్రసాదాన్ని కాదన్నట్టు. రేపు పిల్లకు జ్వరమొస్తే నా నోటి వల్లేనంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది, అదే అసలు బాధ. నేనూ ఆ తల్లిని నమ్ముకున్నదాన్నే. వెనక బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు జరగండి జరగండి అంటున్నారు. ఏం చేస్తున్నానో తెలియకుండానే గ్లాసు లాక్కుని మొత్తం తాగేశాను.

అత్తమ్మ తిట్టబోయి, ఖాళీ గ్లాసు లాక్కుని సంచిలో వేసుకుంది. ప్రసాదం ఇంటి మనిషి కడుపులోకే పోయింది మరి. నాకు దగ్గు, కళ్ళలో నీళ్ళు. ఈ పాడు చేదు కోసమా ఇన్నేళ్ళు నన్ను ఏడిపించాడు అనుకున్నాను. అయినా లోపల సంబరంగానే ఉంది. తల్లికి కోపం రాలేదు, ఒట్టు తప్పలేదు, మనిషి మిగిలాడు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆయన నాకు బాగా దగ్గరగా జరిగాడు. పెళ్ళైన కొత్తలో కూడా గల్లీలో అలా నడిచినవాడు కాదు. మెచ్చుకుంటాడనుకుని తల తిప్పాను. చాన్నాళ్ళుగా కనబడని చుట్టం గురించి అడిగినట్టు, మెల్లగా అడిగాడు.

"ఇంకా గంతే చేదున్నదా?"

దగ్గరికి జరిగింది నా కోసం కాదు, నా నోటి వాసన కోసమని అప్పుడు అర్థమైంది. భయమేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గబగబా ముందుకు నడిచాను.