మన్ను కడిగే చందా

మా చేను పక్కన జీన్స్ బట్టలకు రంగులేసే ఫ్యాక్టరీ ఉండేది. యజమాని తాళం వేసి పోయాడు. రంగు మాత్రం పోలేదు. వాన పడినప్పుడల్లా, అంటే అరుదుగానే, ఫ్యాక్టరీ గుంతల్లోని నీళ్లు మా చేలోకి దిగేవి. మా బోరు నీళ్లు లేత నీలంగా మారాయి. చూడ్డానికి బాగానే ఉండేవి. వేరుశనగకే నచ్చలేదు, వరసగా రెండు పంటలు పసుపెక్కి ఎండిపోయాయి. ఆ చేను తప్ప మాకు వేరే ఆధారం లేదు.

అనంతపురంలో ఆఫీసుల చుట్టూ తిరిగాను. శుభ్రం చేయాల్సింది యజమానే అన్నారు. ఆయన ఎక్కడున్నాడని అడిగితే, నన్నే కనుక్కోమన్నారు. చివరికి చుట్టుపక్కల రైతులమే తలా ఇంత వేసుకుని గుంతల్లోని మట్టి ఎత్తించేద్దామని, అందరినీ పాలకేంద్రం అరుగు మీద కూర్చోబెట్టాను. కెమిస్ట్రీ చదివినవాణ్ని కాబట్టి వివరంగా చెప్పాను. అదే పొరపాటు.

"మన్ను కడగనీకి దుడ్లా?" అన్నాడు పక్క చేని పెద్దాయన. "ఏమప్పా, చదువుకున్నోనివి, మన్ను కడిగితే ఏం మిగుల్తాది?"

"చెరిపింది వాడు, కట్టేది మనమా?" అన్నాడు ఇంకొకాయన.

న్యాయమైన మాటే. వాడు దొరికితే ఇంకా న్యాయంగా ఉండేది.

అప్పుడు మా నాయన లేచాడు. "అదంతా కాదులే. అందరం కలిసి కొత్త బోరేపిద్దాం."

మా వైపు బోరు అన్న మాట వింటే జేబు దానంతటదే తెరుచుకుంటుంది. అప్పటిదాకా చేతిలో పైసా లేదన్నవాళ్లే ఎంత అని అడక్కుండా ఇచ్చారు.

నీళ్లు చూసే ఆయన్ను గోరంట్ల నుంచి పిలిపించారు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడుతుంది. అది ఫ్యాక్టరీ గోడ పక్కన, సరిగ్గా గుంతల దగ్గర నిలబడింది.

"ఈడ నిండుగా ఉండాయి," అన్నాడాయన.

ఎందుకుండవు? ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ వాళ్లు పోసినవే కదా. "గుంత పక్కనే వద్దన్నా," అన్నాను.

"నీకంటే కాయకు తెలీదా, నీళ్లు యాడుండాయో?" అన్నాడు పెద్దాయన.

కాయకు డిగ్రీ లేదు గానీ పరపతి ఉంది.

బోరు బండి వచ్చింది. నీళ్లు ఎగదన్నాయి. అందరూ ఒక్క కేక వేశారు. నీలం. మా బోరు కంటే చిక్కగా.

ఇప్పుడైనా గుంతల సంగతి ఎత్తుతాడేమోనని నాయన వైపు చూశాను. ఆయన దోసిట్లో నీళ్లు పట్టి, వాసన చూసి, పారబోసి, బండి ఆయన్ను అడిగాడు.

"ఇంకా లోతుకు దింపితే మంచి నీళ్లు పడ్తాయా?"

"పడొచ్చునన్నా."

అందరి చేతులూ మళ్లీ జేబుల్లోకి పోయాయి. నాయన నా వైపు తిరిగాడు.

"ఏంరా, అట్ల చూస్తాండావు? నువ్వూ తీయ్."