కళ్లు గీయని ఖాదర్ భాయ్

మాఘమాసంలో ఒక సాయంత్రం ఆరింటికి నిడదవోలులో రైలెక్కాను. తొంభైల మొదట్లో మాట. సినిమాల్లో సహాయ దర్శకుడిగా చేస్తున్న మా మేనల్లుడు శ్రీను ఉత్తరం రాశాడు: గుడి సన్నివేశానికి వేషగాడు కాదు, మంత్రం వచ్చిన అసలు పూజారే కావాలట. నేను మా ఊరి రామాలయంలో అర్చకుణ్ణి. ఎదురు బెర్తు పెద్దమనిషి సంగతి విని, "అయితే మిమ్మల్ని తెర మీద చూస్తామన్నమాట!" అన్నాడు. లోలోపల నాకూ గర్వంగానే ఉంది.

పొద్దున్న ఆరున్నరకి సికింద్రాబాదు. ఆ దారిన వెళ్లేవాళ్లకో మాట: కృష్ణానగర్ దాకా సిటీబస్సు చాలు, అక్కణ్ణుంచి ఫిల్మ్‌నగర్ గుట్టకి ఆటో మాట్లాడుకోండి, నాలాగా పెట్టె మోసుకుంటూ ఎక్కకండి. శ్రీను అద్దెగదిలో స్నానం చేసి, నేను కట్టుకెళ్లిన పులిహోర తిని, తొమ్మిదిన్నరకి సెట్టుకి చేరాం.

అక్కడ ప్లాస్టర్‌తో పోసిన ఆరడుగుల రాముడు నిలబడి ఉన్నాడు. అబ్బ, ఏం పనితనం! కళ్ల చోటు మాత్రం నున్నగా ఉంది. ఏమిటిదని విగ్రహం చేసిన ఖాదర్ భాయ్‌ని అడిగాను.

"కళ్లు నేను గీయ, పంతులుగారూ. అవి ఇచ్చేటోడు అల్లా ఒక్కడే. జరసేపైతే పెయింటర్ వచ్చి గీస్తడు."

నాకు ఒళ్లు మండింది. "మా దేవుడి మీద బతుకుతూ, కళ్లు గీయడానికి నామోషీయా?" అనేశాను.

పదకొండింటికి మళ్లీ మండింది. తీసేది ప్రాణప్రతిష్ఠట, అసలు మంత్రమే చదవాలట. షూటింగ్ అయ్యాక విగ్రహాన్ని సుత్తులతో పగలగొట్టేస్తారట! దేవుణ్ణి పిలిచి సుత్తికి అప్పగించనా? చదవనన్నాను.

"యాక్టింగేనండీ బాబూ! చదవకపోతే మీరూ, మీ మేనల్లుడూ కలిసి ఊరెళ్లిపోండి," అన్నాడు మేనేజరు. శ్రీను మొహం పాలిపోయింది. మూడేళ్లు తిరిగితే దొరికిన పని వాడికది.

ఖాదర్ భాయ్ పక్కకొచ్చి మెల్లగా అడిగాడు: "కళ్లు లేంది మీకు దేవుడైతడా?"

"కాడు. కళ్లు తెరిపించాకే ప్రతిష్ఠ."

"మరి ఫికర్ ఎందుకు? గిట్లనే ఉండనీయుండ్రి."

పెయింటర్‌ని ఆపి, డైరెక్టర్‌తో మాట్లాడి, కెమెరాని విగ్రహం వెనక పెట్టించాడు. తెర మీద రాముడి భుజం, నా మొహం, అంతే. కళ్లు లేని ప్లాస్టర్ ముందు నిశ్చింతగా గొంతెత్తి చదివాను.

తర్వాత అతని చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "మా రాముణ్ణి నువ్వు నమ్మవుగా, ఎందుకయ్యా ఇంత తాపత్రయం?"

"నేను నమ్మ. మీరు నమ్ముతరు గద. దేవునికి భయపడుడు ఎట్లుంటదో నాకెరుకే."

సాయంత్రం అయిదున్నర బండికి శ్రీనే ఎక్కించాడు, పని నిలబడ్డ ధీమాతో. తెల్లారి ఊరు చేరి గుడి తలుపు తీశాను. దీపం వెలుగులో మా రాముడి కళ్లు చూడగానే ఏడుపొచ్చింది. కళ్లు గీయనన్న మనిషి వల్లే ఈ కళ్ల ముందు తలెత్తుకుని నిలబడ్డాను. ఖాదర్ పేరున అర్చన చేయబోయి నాలుక కరుచుకున్నాను. అతనికి అది ఇష్టం ఉండదు. పేరు చెప్పకుండా ఊరికే దణ్ణం పెట్టుకున్నాను.