కుళ్లాయప్ప చేతి వణుకు

జమ్మలమడుగు పక్క పల్లెలో పార్టీ కోసం ముప్పైయేళ్లు నాటుబాంబులు మోసిన కుళ్లాయప్పకు ఇప్పుడు కాఫీ గ్లాసు మోయడమే సాహసం. కుడిచేయి వణుకుతుంది. ఎదుటి పార్టీవాళ్లు చూస్తే భయమనుకుంటారని దాన్ని మండుటెండలోనూ తువాలు కింద దాచి, పెళ్లిళ్లలో అక్షింతలు కూడా ఎడమచేత్తోనే వేస్తాడు. ఇక మంచం మీంచి లేవడమంటే ఆయనకు ఒక పూట పని.

మనవరాలు వెంటబెట్టుకొచ్చిన ఆయనను ప్రొద్దుటూరు డాక్టరు పడుకోబెట్టి, తలకు వైర్ల టోపీ తొడిగి, శబ్దం వినగానే బటన్ నొక్కమన్నాడు. మెదడు బదులిచ్చే తీరును బట్టి జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుందట. "ఇది రోగమే, భయం కాదని పెద్దచ్చరాలతో రాసియ్యి సార్. ఊర్లో సూపియ్యల్ల," అన్నాడు కుళ్లాయప్ప. అంతలో వీధిలో ఎవరో ఎన్నికల్లో గెలిచిన సంబరంతో టపాసు పేల్చారు. రెప్పపాటులో మంచం ఖాళీ! కుళ్లాయప్ప వైర్లతో సహా మంచం కింద ఉన్నాడు.

"పొద్దున లేపడానికి ముగ్గురు గావాల. ఇప్పుడెట్ల దూరినావు జేజినాయనా?" అని మనవరాలు వంగి అడిగింది.

వణుకుతున్న చెయ్యి బయటికొచ్చి డాక్టరు ప్యాంటు పట్టుకుంది.

"సార్, ఇది మాత్రం రాయగాకు."