ఎలైజా సమాధి నీట మునిగేలోగా

మా ప్లేనో వీధిలో ఎదురింటి డోరతీగారికి ఎనభై రెండేళ్లు. ఆమె ముత్తాత ఎలైజా టెనెసీ నుంచి ఎద్దుల బండిలో వచ్చి, ఉత్తర టెక్సస్ నల్లరేగడిలో మొదట నాగలి దించినవారిలో ఒకడు. జ్వరంతో చిన్న వయసులోనే పోతే అతన్ని పొలంలోనే పాతిపెట్టారు. భార్య మాత్రం పట్నంలోని సమాధుల తోటలో ఒంటరిగా ఉంది. ఇప్పుడు ఆ పొలం మీదికి జలాశయం రాబోతోంది. గుర్తించిన సమాధులను ప్రాజెక్టువారు పట్నానికి తరలిస్తారు. మిగిలినవి నీటి కిందే. జాబితా మూసే గడువు 1984 అక్టోబరులో ఒక శుక్రవారం, సాయంత్రం అయిదు గంటలు. తుంటి విరిగి మంచం పట్టిన డోరతీగారు, "మీరు లిస్టుల మనిషి కదా, ఆయన్ని వెతికిపెట్టండి" అన్నారు. ఆ క్షణం నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

ఆ శుక్రవారం ఉదయం ఆరున్నరకు నా భార్య గ్రేసమ్మతో బయలుదేరాను. 75వ నంబరు హైవే మీద మెకిన్నీ దాకా వెళ్లి, తూర్పుకు తిరిగి 380 మీద గ్రీన్‌విల్ దాటి, కామర్స్‌లో పెట్రోలు నింపుకున్నాను. ఆ తరువాత బంకులు లేవు. మట్టిరోడ్డుతో కలిపి రెండున్నర గంటలు పట్టింది. ఎలైజా భార్య రాసిన ఉత్తరం నకలు నా దగ్గరుంది: "వాగు పైన, సీడార్ చెట్టు కింద." దాన్ని బట్టి పందొమ్మిది అంశాల జాబితా రాసుకున్నాను. పాత ఇంటి పొగగొట్టం ఇటుకలు దొరికాయి, పూడిన బావి దొరికింది, సీడార్ చెట్టూ దొరికింది. పేరు చెక్కిన రాయి మాత్రం లేదు. చెట్టు కింద నిలబడి ఉన్న రెండు కర్రలను "కంచె గుంజలు, 2" అని రాసుకుని పెన్నుతో కొట్టేశాను.

"ఏవండీ, కంచె అయితే తీగ ఏదండీ?" అంది గ్రేసమ్మ.

"తుప్పు పట్టి రాలిపోయి ఉంటుంది."

"రాయి లేదని ప్రభువు సమాధిని కూడా కొట్టేస్తారు మీరు!"

నాకు నవ్వు రాలేదు. అప్పటికే ఒంటిగంట.

మూడు మైళ్ల దూరంలోని చిన్న హోటల్లో చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె మనిషికి రెండు డాలర్లు. ముసలి వంటవాడితో సమాధి రాయి దొరకలేదని చెప్పాను.

"రాయా? ఈ నేలలో గులకరాయి కనబడితే మా తాత దానికి టోపీ తీసి దణ్ణం పెట్టేవాడు," అన్నాడతను. "రాయి బదులు బోడార్క్ చెట్టు కర్ర పాతేవాళ్లయ్యా. చెద పట్టదు, కుళ్లదు. తల దగ్గర ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి."

నా చేతిలో రొట్టె ఆగిపోయింది. గ్రేసమ్మ సంచీ భుజాన వేసుకుంది.

దారిలో వాన మొదలైంది. తడిసిన నల్లమట్టి మీద కారు రెండుసార్లు పక్కకు జారింది. చెట్టు చేరేసరికి మూడుంపావు. దిక్సూచి పెట్టి చూస్తే గుంజలు రెండూ సరిగ్గా తూర్పు పడమరలుగా ఉన్నాయి, మధ్య దూరం ఆరున్నర అడుగులు. బాపట్ల దగ్గర మా నాన్న సంఘం సమాధుల తోటలో గోతులు తవ్వేవాడు. "తల పడమర, కాళ్లు తూర్పు. ప్రభువు వచ్చినప్పుడు లేచి ఎదురుగా చూడాలిరా," అనేవాడు. చిన్నప్పుడు ఆ గోతులు కొలిచే టేపు పట్టుకున్నది నేనే. పందొమ్మిది అంశాల్లో అది రాసుకోలేదు.

ప్రాజెక్టువారి ఆఫీసు ట్రైలర్ చేరేసరికి నాలుగయింది. "రెండు కర్రలు చూసి రాయలేను సర్," అన్నాడు అధికారి. అయినా ఇనుప చువ్వ తీసుకుని వచ్చాడు. గుంజలకు అవతల పొడిస్తే చువ్వ జానెడు లోతున ఆగింది. మరో చోట పొడిచాడు, అక్కడా ఆగింది. నేను గడియారం చూడటం మానలేకపోయాను. గుంజల మధ్య పొడిచాడు. చువ్వ నడుము లోతుకు మెత్తగా దిగిపోయింది. తవ్విన మన్ను ఎన్నేళ్లయినా పాత మన్నుతో కలవదని కూడా మా నాన్న చెప్పేవాడు.

నాలుగూ యాభైకి జాబితాలో రాశాడు: "ఎలైజా అయి ఉండవచ్చు."

కామర్స్‌లో రోడ్డు పక్క ఫోన్ నుంచి డోరతీగారికి చెప్పాను, ఆ "ఉండవచ్చు"కు క్షమించమన్నాను.

"ఇన్నేళ్లుగా నాకు అదీ లేదు మిస్టర్ ప్రసాద్. కాళ్లు ఎటు ఉన్నాయి?"

"తూర్పుకి."

"భార్య పక్కన కూడా ఆయన్ని అలాగే పడుకోబెట్టమనండి."

ఆ మన్ను కింద ఉన్నది ఎలైజాయేనా అని ఇప్పటికీ అప్పుడప్పుడు మనసు పీకుతుంది. కానీ కళ్లెదుట ఉన్న మనిషిని నేను స్వయంగా కొట్టేసిన ఆ ఉదయం అంతకంటే ఎక్కువ భయపెడుతుంది. మీరూ ఇలాంటి పాత పొలాలకు బయలుదేరితే ముందు అక్కడి హోటల్లో భోజనం చేసి, ఆ తరువాతే వెతకండి. జాబితాకు పెన్ను వద్దు, పెన్సిలు తీసుకెళ్లండి.