పత్తిచేలోకి నడిచొచ్చిన సమాధులు

నా మీద మోపిన అభియోగాన్ని ముందుగా నేనే చదువుతాను: అమరావతి నుంచి చీరాల దాకా వారసత్వ యాత్ర చేస్తానని కళాశాల చర్చా వేదిక మీద ప్రకటించి వెళ్లిన నేను, స్తూపానికి రెండు ఫోటోలు, శ్మశానానికి నలభై ఫోటోలు తెచ్చి చరిత్రను అవమానించానట. ఫోటోల సంగతి ఒప్పుకుంటాను. అవమానం సంగతి వాదిస్తాను. నిజానికి ఈ యాత్ర ఒక ఓటమితో మొదలైంది. “పల్లెల గురించి ఇంత మాట్లాడుతున్నావే, ఏ పల్లెలోనైనా కారు దిగావా?” అని ఎదుటి జట్టు అడిగిన రోజున ఆ చర్చ మేమే ఓడిపోయాం.

నవంబరు ఒకటిన ఉదయం ఆరింటికి గుంటూరులో బయలుదేరాను. డీజిలుతో కలిపి కారు అద్దె మూడువేల ఎనిమిది వందలు. డ్రైవరు కోటయ్యగారు ఈ దారుల్లోనే తల నెరిసిన మనిషి. ఏడు దాటాక అమరావతిలో, మంచు ఆరని గడ్డి మీద, స్తూపంలో మిగిలిన వలయం చుట్టూ నడిచాను. దాని చెక్కడపు రాళ్లు కొన్ని దూరదేశాలకు వెళ్లాయి. కొన్నింటిని ఒకప్పుడు సున్నం కోసం కాల్చారు. సత్తెనపల్లిలో ఇడ్లీ, నరసరావుపేటలో భోజనం ముగించి అద్దంకి దారి పట్టేసరికి రెండున్నర. ఇరువైపులా నల్లరేగడి. మిరప ఇంకా పూత మీద ఉంది, పత్తి విచ్చింది.

మూడున్నరకు, పేరు చెప్పకూడని ఒక ఊరు దాటగానే, కోటయ్యగారు వేగం తగ్గించారు. నడుములోతు పత్తిలోంచి సిమెంటు శిలువలు తలలెత్తి ఉన్నాయి. పదిహేనో, ఇరవయ్యో. అన్నీ ఒకే వైపుకి, మేమున్న రోడ్డు వైపుకి వాలి ఉన్నాయి. గాలి లేదు. ఒక్క పిట్టయినా కూయడం లేదు.

“పోయిన తడవ చూసినప్పుడు ఇంకా లోపలుండేయమ్మా,” అన్నారాయన.

“భయపెట్టకండి కోటయ్యగారూ.”

“నేనేం భయపెడతానమ్మా? నేనే భయపడతన్నా.”

అంతలో మణికట్టు దాకా తెల్లగా ఉన్న చెయ్యి ఒకటి పత్తిలోంచి లేచి, ఒక శిలువ మెడ పట్టుకుని, మళ్లీ మునిగిపోయింది.

కారు దిగి చేలోకి నడిచాను. ఆ చెయ్యి సువార్తమ్మది. అరవై ఏళ్ల వ్యవసాయ కూలీ. మర్నాడు సమాధుల పండుగ. క్రైస్తవ కుటుంబాలు ముందురోజే తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టుకుంటాయి. ఆమె తన భర్త సమాధికి కొడుతోంది.

“సమాధుల మధ్య పత్తి వేసిందెవరండీ?”

“ఆసామి. పోయినేడు మా ఆయన గట్టుకి శ్మశానం వైపుండేడు. ఈ ఏడు చేను వైపున్నాడు.”

“సమాధి ఎలా కదులుతుంది?”

“రేగడి గదమ్మా. ఎండకి నోరు తెరిచిద్ది, వానకి మూసిద్ది. పైనున్న రాయి ఊరుకునిద్దా?”

ఆమె చూపిన పగులులోకి ఎండిన పత్తికట్టె దించాను. మూరెడు కట్టె మొత్తం దిగింది. వదిలేశాక కింద తగిలిన చప్పుడు రాలేదు.

“ఈ పత్తి ఎవరు తీస్తారు?”

“మేమే. ఇంకెవురు తీత్తారు?”

నేల రాళ్లను వంచుతుందంటే నమ్మాను. కానీ గట్టు మీద గడ్డి లేదు, పార గాట్లు కొత్తవి. రాళ్లు జానెడు వాలితే గట్టు నాలుగు బారలు జరిగింది. హద్దురాళ్లు లేవా అని అడిగాను.

“పాతుదామన్నారమ్మా అప్పట్లో. మావోళ్లే వద్దన్నారు. మన మనుషులే వరసగా పడుకునుంటే రాళ్లెందుకు, సచ్చినోళ్లని దాటుకుని ఎవడొస్తాడు అన్నారు.”

ఆసామి మోటారుసైకిలు మీద వచ్చాడు. “ఏం పాపా, సినిమా తీస్తన్నావా? నేను వాళ్ల దాంట్లోకి పోలా, వాళ్లే నా చేలోకొచ్చారు. ఆఖరి తీత అవగానే ట్రాక్టరు దించుతా.”

“రాళ్లు నడిచాయి సరే, గట్టు కూడా నడిచిందా అండీ?”

నవ్వాడు. అప్పుడు సువార్తమ్మ లేచి నిలబడింది. “మా ఆయన్ని బతికున్నన్నాళ్లూ నీ చేలోకి పనికి రమ్మని ఇంటికొచ్చి పిలిచేవోడివి. ఇప్పుడు తనంతట తనే వత్తే తరుముతావేందయ్యా?”

నవ్వు ఆగింది. అతను బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ట్రాక్టరు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కారు బానెట్ మీద కాగితం పెట్టి, శ్మశానం కొలిపించమని సర్వే దరఖాస్తు రాశాను. ఆమె ముందు సున్నం వేలితోనే ముద్ర వేసింది; తెల్ల కాగితం మీద ఏమీ కనిపించలేదు. వేలు కడిగించి, సిరా రాసి, మళ్లీ వేయించాం.

చీరాల చేరేసరికి ఏడున్నర. దారంతా ఒకటే ఆలోచన. స్తూపం కూడా ధాతువుల మీద, అంటే అస్థికల మీద, లేపిన సమాధే. పోయినవాళ్లను పోనివ్వలేని మనుషులే రెండింటినీ కట్టారు. ఒకదానికి కంచె, బోర్డు ఉన్నాయి కాబట్టి చరిత్ర అంటున్నాం. రెండోదాని మీద విత్తనం వేస్తే చేను అంటున్నాం. నేను చరిత్రను అవమానించలేదు. అది ఎక్కడెక్కడ ఉందో చూసి వచ్చాను. ఈ దారిన వెళ్లేవారికి ఒక సూచన: అడగకుండా చేలో దిగకండి, దిగితే కర్రతో నేల తట్టుకుంటూ నడవండి. పత్తిమొక్కల కింద పగుళ్లు కనిపించవు.

ఇక నన్ను నిలదీసినవారికి నా డిమాండు. ఆఖరి తీతకు ఇంకా వారాలే ఉన్నాయి. సర్వేయరు వచ్చే రోజున సువార్తమ్మ పక్కన నిలబడే మనుషులు కావాలి. వాదన మానమని అడగడం లేదు, వచ్చి వాదించండి. కానీ కొలత గొలుసు ఒక కొస నేను పట్టుకుంటాను. రెండో కొస ఎవరు పట్టుకుంటారో ఇప్పుడే, ఇక్కడే, పేరుతో సహా చెప్పండి.