పిన్ని విండోస్ తీసేశారు

మా బాబాయికి చాలాసార్లు చెప్పాను, ఒక కంప్యూటర్లో రెండు విండోస్‌లు ఉండొచ్చని. స్విచ్చి వేయగానే నీలం తెర మీద రెండు పేర్లు వస్తాయి. కావలసినదాని మీద నొక్కాలి. నొక్కకపోతే కాసేపు ఆగి కొత్తదానిలోకి అదే వెళ్తుంది. కొత్తది బాబాయిది, పాతది పిన్నిది. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. అయినా పోయిన పెళ్లిళ్ల సీజన్లో, రేపల్లెలో వాళ్లింట్లో, ఆ రెండు పేర్లలో ఒకటి పోయింది. పోయింది పిన్నిదే.

రెండూ ఎందుకు పెట్టానంటే, పిన్ని ఇంట్లో కూర్చుని పెళ్లికార్డులు కంపోజ్ చేస్తుంది. ఆమె వాడే తెలుగు ప్రోగ్రాం చాలా పాతది, కొత్త విండోస్‌లో తెరుచుకోదు. అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. లైసెన్సు ఆ పాత విండోస్‌కే ముడిపడి ఉంది కాబట్టి దాన్ని చెరిపి మళ్లీ వేసుకునే వీలు లేదు. పైగా మా వైపు కార్డు కొత్తగా రాయించుకునేవాళ్లు తక్కువ. "మా పెద్దమ్మాయికి వేసినట్టే వేయండి, పేర్లు మార్చండి చాలు" అంటారు. పిన్ని పెట్టుబడి అంతా ఆ పాత ఫైళ్లే. అవి ఆ ప్రోగ్రాంలో మాత్రమే తెలుగులా కనిపిస్తాయి. బయట ఎక్కడ తెరిచినా ఇంగ్లిషు అక్షరాలూ బ్రాకెట్లూ ప్రశ్న గుర్తులూ కలిపి చల్లినట్టుంటాయి. ఆనాటి ఫాంట్ల పద్ధతి అది, రోగం కాదు.

బాబాయి పొద్దున్నే షేర్లు చూసుకుంటాడు. ఆ నీలం తెర ఆయనకు చికాకు. బాపట్లలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఆయనకు స్నేహితుడు. పిన్ని ఇంట్లో లేనప్పుడు అతన్ని పిలిపించి, "ఇది రోజూ అడగడం ఏంటి, తీసేయవయ్యా" అన్నాడట. మెనూ ఎంతసేపు ఆగాలో తగ్గించే అంకె ఒకటి అక్కడే ఉంటుంది. అతను దాన్ని ముట్టుకోలేదు. పిన్ని విండోస్ పేరు మీద నొక్కి డిలీట్ కొట్టాడు. ఇక అడగడానికి ఒక్కటే మిగిలింది కనక మెనూ రావడం మానేసింది. బాబాయి సంతోషించాడు.

ఆదివారం పొద్దున తెనాలిలో నేను టిఫిన్ చేస్తుంటే పిన్ని ఫోన్ చేసింది.

"ఏరా, నాది కనపడట్లేదు. నేరుగా మీ బాబాయిదాన్లోకే పోతోంది."

"డీ డ్రైవ్ తెరువు పిన్నీ. విండోస్ అని ఫోల్డరుందా?"

"ఉంది."

"అయితే నీదెక్కడికీ పోలేదు. మెనూలో పేరు పోయిందంతే."

"మరి ఆ బాపట్ల అతను వైరస్ అంటున్నాడేంటి? నిన్న పిలిస్తే వచ్చి నా ఫైళ్లు తెరిచి చూపించాడు. అంతా గజిబిజిగా ఉంది. వైరస్ తినేసిందట, మొత్తం ఫార్మాట్ కొడతాడట. మధ్యాహ్నం వస్తానన్నాడు."

నాకు ఒళ్లు మండింది. ప్రింటరు కదలకపోతే ఫార్మాట్. పాట వినపడకపోతే ఫార్మాట్. ఏం చెడిందో కనుక్కోవాలంటే కూర్చుని ఆలోచించాలి, ఫార్మాట్‌కయితే పెన్‌డ్రైవ్ చాలు. తర్వాత ఏడ్చేది వేరేవాళ్లు.

"పవర్ కేబులు పీకి దాచెయ్. నేను బయల్దేరుతున్నా" అన్నాను.

రేపల్లె ప్యాసింజరు ఆ రోజు వేమూరులో చాలాసేపు నిలబడింది. అతను నాకంటే ముందు చేరితే కేబులు ఇంకొకటి తెచ్చుకోవడం ఎంత పని. ఆ ఆలోచనతో భట్టిప్రోలు దాటేదాకా సీటులో కూర్చోలేకపోయాను.

నేను వెళ్లేసరికి బాబాయీ బాపట్ల అతనూ కంప్యూటర్ ముందు కాఫీ తాగుతున్నారు. పిన్ని వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చాడండీ ఇంజినీరుగారు. మీ పిన్ని కేబులు బియ్యం డబ్బాలో పెట్టిందిరా. రేపు అన్నంలో వండుతుందేమో" అన్నాడు బాబాయి.

అతను నవ్వి, "తమ్ముడూ, నేను చూశాగా. డీ మొత్తం కరప్టయింది" అన్నాడు.

"ఏం పరీక్ష చేసి చూశారండీ?"

"కళ్లముందు కనపడుతుంటే పరీక్షెందుకు? అది తెలుగేనా? నువ్వు చదువు చూద్దాం."

పిన్ని బియ్యం డబ్బాలోంచి తీసిచ్చిన కేబులు తగిలించి కూర్చున్నాను. ముందు, ఉన్న బూట్ వివరాలను ఒక ఫైలుగా దాచాను. తర్వాత కమాండ్ విండోలో పాత విండోస్‌కి కొత్తగా ఒక పేరు పెట్టాను. అది డీలో ఉందని, అక్కడ ఫలానా ఫైలుతో మొదలవ్వాలని చెప్పి, చివరకు ఆ పేరును మెనూలో చేర్చాను. ఒకే కమాండ్‌తో చేసే దారి కూడా ఉంది. కానీ అది పాత బూట్ ఫైళ్లు తెచ్చి కొత్తవాటి మీద వేస్తే బాబాయిది కూడా పోతుందని భయం. అంత కోపంలోనూ బాబాయిది పోకూడదని చూసుకున్నాను. ఆయన పిన్ని విషయంలో ఆ మాత్రం చూడలేదు.

రీస్టార్ట్ చేస్తే నీలం తెర మీద రెండు పేర్లూ వచ్చాయి. పిన్ని నన్ను లేపి తను కూర్చుంది. పాతదాన్లోకి వెళ్లి ఒక కార్డు తెరిచింది. మూల వినాయకుడు, కింద చక్కటి తెలుగు. పెళ్లికూతురి పేరు దగ్గరికి వెళ్లి మార్చడం మొదలుపెట్టింది.

"ఇంతేనా?" అన్నాడు బాబాయి. "దీనికా ఇంత రాద్ధాంతం?"

"చిన్న ప్రాబ్లమేలెండి అన్నగారూ" అన్నాడతను.

"చిన్నదానికి మీరు చెప్పిన మందేంటండీ?" అన్నాను. "పెన్‌డ్రైవ్ ఇంకా మీ జేబులోనే ఉంది."

అతను కాఫీ గ్లాసు కింద పెట్టి, బస్సుకి టైమయిందని లేచాడు. బాబాయి గేటు దాకా సాగనంపి వచ్చాడు.

"ఇంటికొచ్చిన మనిషితో అలాగేనా మాట్లాడేది? మంచికే కదా చేశాడు."

"ఎవరి మంచికి బాబాయ్?"

"అయినా కార్డులు ఇప్పుడు అందరూ ఫోన్లోనే చేసుకుంటున్నారు. ఈవిడ ఇంకా ఎన్నాళ్లు చేస్తుందిలే."

అప్పుడు అర్థమైంది. ఆ నీలం తెర ఆగే కాసేపు కాదు ఆయన ఇబ్బంది. అందులోని రెండో పేరు అక్కర్లేదని ఆయన ఎప్పుడో అనుకున్నాడు, అంతే.

పిన్ని వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఇక మీదట ఇందులోంచి ఎవరూ ఏదీ తీయకుండా ఉండాలంటే ఏం చేయాలిరా?"

"బాబాయి లాగిన్‌కి ఆ అధికారం తీసేయాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి. పెన్‌డ్రైవ్‌తో వచ్చేవాళ్లకి అడ్డంగా, దానితో మిషను వేయబోతే మాత్రమే అడిగేది ఇంకొకటి."

"రెండూ పెట్టు. నేను కొడతాను."

"నా కంప్యూటర్‌కి నేను నిన్ను అడగాలా?" అన్నాడు బాబాయి.

"షేర్లకి అడగక్కర్లేదు. తీసేయడానికి అడగాలి" అంది.

పాస్‌వర్డ్ అడిగే చోటికి తెచ్చి కుర్చీ ఇచ్చాను. పిన్ని కూర్చుని, కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగింది.

"నువ్వు కూడా అటు తిరుగు" అంది నాతో.

నేను గోడ వైపు తిరిగాను. ఆమె కీలు కొడుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది.