విమానం కోసం ఆగిన పాట

మా బ్యాండుకి ఒక పేరుంది గానీ, చెప్పినా మీరు వినుండరు. మమ్మల్ని ఏ కంపెనీ పిలిచి పాటలు రికార్డు చెయ్యలేదు, మాకు మేనేజరు లేడు. ప్రోగ్రాముల కోసం ఊరూరా ఫోన్లు చేసేదీ నేనే, కమిటీలను బతిమాలేదీ నేనే, ఆ తర్వాత బ్యాండులో అందరి చేతా చివాట్లు తినేదీ నేనే. మిగతా టైములో పోర్ట్ బ్లెయిర్‌లో మా నాన్న పెట్టిన హార్డ్‌వేర్ షాపులో కూర్చుని పైపులూ కుళాయిలూ అమ్ముతాను.

మేం నలుగురం. కీబోర్డు నాది, పాటలు కట్టే పిచ్చి కూడా నాదే. పాడేది మా వదిన, అంటే అన్నయ్య భార్య. శ్రీకాకుళం నుంచి కాపురానికి వచ్చి ఇక్కడ స్కూల్లో తెలుగు చెప్తోంది. డ్రమ్స్ మా మేనమామవి. ఓడల్లో ఇంజను దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, చెవుల్లో చప్పుడు లేకపోతే తోచదు. గిటారు వాయించే భయ్యా వాళ్ళ తాతలు రాంచీ నుంచి వచ్చారు. తెలుగు ఎంతైనా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే ఇస్తాడు. అతని కోసమే నేను పాటలు హిందీ అక్షరాల్లో రాస్తానని అందరికీ చెప్తుంటాను. నిజానికి నాకు తెలుగు ఒత్తులు సరిగ్గా రావు. ఇది కూడా నేను చెప్తుంటే వదినే రాస్తోంది. తన గురించి నాలుగు మంచి మాటలు ఎక్కడ ఇరికిస్తుందోనని పక్కనే కాపలా కూర్చున్నాను.

ప్రాక్టీసు ఆదివారాలు, మా మేడ మీద రేకుల గదిలో. ఇల్లు లంబాలైన్‌లో, ఎయిర్‌పోర్టుకి పక్కనే. పక్కనే అంటే, విమానం లేచిందంటే రేకులూ, కిటికీలూ, మా పళ్ళూ అన్నీ కలిసి వణకాల్సిందే. ఆ హోరులో ఏం వాయించినా దండగ. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంజన్ల చప్పుడు మొదలవగానే మావయ్య డ్రమ్ముల కర్రలు రెండూ పైకెత్తుతాడు. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోతాం. వదిన మంచినీళ్ళు తాగుతుంది, భయ్యా తీగలు బిగించుకుంటాడు, నేను మెడ విరుచుకుంటాను. చప్పుడు సముద్రం మీదికి వెళ్ళిపోయాక మావయ్య కర్రలు దించి టక్ టక్‌మంటాడు, ఆగిన మాట దగ్గర్నుంచే మళ్ళీ ఎత్తుకుంటాం. ప్రతిసారీ మొదటికి వెళ్ళామంటే ఆదివారమంతా ఒక్క పల్లవికే చాలదు.

అసలు గొడవంతా నా సొంత పాట గురించి. జహాజ్ పాట. మెయిన్‌లాండ్ నుంచి జహాజ్, అంటే ఓడ, రావడం ఆలస్యమైతే మా బజార్లో టమాటాలు మాయమవుతాయి, ఉల్లిపాయలు అత్తరు సీసాల్లా అపురూపమైపోతాయి. అలాంటి వారం ఒకమ్మాయి సంచీ పట్టుకుని జెట్టీ దగ్గర కనబడినవాళ్ళనల్లా అడుగుతుంటుంది: "జహాజ్ వచ్చిందా దీదీ, జహాజ్ వచ్చిందా? టమాటా లేక చారు చిన్నబోయిందే, జహాజ్ వచ్చిందా?" ఇదీ పల్లవి. వినగానే భయ్యా "దీదీ, యే తో హమారా గానా హై" అన్నాడు, ఇది మన పాటేనని. వదిన దాన్ని తెలుగు అక్షరాల్లోకి దించుకుని ఒత్తులు దిద్దింది. మావయ్య చారు దగ్గర కర్ర గట్టిగా కొట్టాడు.

దాన్ని ఎప్పుడూ అన్నిటికన్నా చివర ప్రాక్టీసు చేసేవాళ్ళం. ముందు జనం అడిగే సినిమా పాటలు, మిగిలిన ఓపికతో నాది. అప్పటికి మధ్యాహ్నం విమానం లేచే వేళయ్యేది. చరణం మధ్యలో తెగిపోతే చిరాకని, రెండో చరణం అయ్యాక "జహాజ్ వచ్చిందా" అన్నచోట ఆగడం అలవాటు చేసుకున్నాం. విమానం కాస్త ఆలస్యమైతే వదిన పల్లవి ఇంకోసారి లాగేది. విమానం వచ్చేది, మేం ఆగేవాళ్ళం, అది పోయేది, మేం సాగేవాళ్ళం. ఆ పాటని విమానం లేకుండా మేం చివరిదాకా ఒక్కసారీ వాయించలేదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

బయట దాన్ని ఒకే ఒక్కసారి ఎత్తుకున్నాం, ఊళ్ళో ఒక పెళ్ళిలో. మొదటి చరణం ఇంకా సగంలో ఉండగానే హాలు హాలంతా లేచి భోజనాల వైపు నడిచింది. అంతమందీ ఒక్కసారే, బడి గంట కొట్టినట్టు. వదిన ఖాళీ కుర్చీల కేసి చూస్తూ పాడుతోంది. పెళ్ళికూతురి బాబాయి స్టేజి ఎక్కి, "ఏదైనా తెలిసిన పాట వెయ్యండమ్మా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని నాలుగు దులుపుదామనుకున్నాను గానీ వదిన మొహం చూసి నోరు మూసుకున్నాను. వదినకి పాట ఆపేయమన్నందుకు కాదు బాధ, జనం వెళ్ళిపోతుంటే వాళ్ళ వీపులకి పాడాల్సి వచ్చిందని.

ఇంటికొచ్చాక తేల్చేసింది. "చూడమ్మా, నీ పాట ఇంకొక్కసారి పాడతాను. కుర్చీల్లోంచి జనం లేచారా, మళ్ళీ నా దగ్గర దాని ఊసెత్తకూడదు. సినిమా పాటలు పాడుకుందాం, హాయిగా ఉందాం."

సరేనన్నాను. అనక ఏం చేస్తాను? పాడే గొంతు ఆవిడది. నేను పాడితే కుర్చీలు కూడా లేచిపోతాయి.

ఆ ఒక్క అవకాశం కోసం నేను ఉత్తరాన మాయాబందర్ నుంచి ఇటు దాకా ఫోను చెయ్యని పూజా కమిటీ లేదు. చివరికి రంగత్‌లో గణేష్ పూజ చేసేవాళ్ళు దొరికారు. ప్రెసిడెంటు గారు మనవాళ్ళే, బజార్లో బట్టల కొట్టు. మా ప్రాక్టీసు వీడియో పంపమన్నారు, పంపాను. సాయంత్రం ఫోను చేశారు.

"పాటలు బాగున్నాయమ్మా. మధ్యలో ఆ విమానం దేనికి పెట్టారు?"

"మేం పెట్టలేదంకుల్. అదే వచ్చింది."

"అచ్ఛా! మరేం పరవాలేదు. రంగత్‌లో విమానాలుండవు." మళ్ళీ ఆయనే, "అయితే ఆ చివరిది ఏ సినిమాలోది?" అన్నారు.

"ఏ సినిమాలోదీ కాదంకుల్, నేను కట్టిందే."

"మరి జనానికి ఎలా తెలుస్తాది?"

"వింటే తెలుస్తుందంకుల్."

ఆయన అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. తమ ఊళ్ళో అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి తెలుగు పాటలతో పాటు హిందీవి, ఒక బెంగాలీది, ఒక తమిళ పాట తప్పకుండా ఉండాలన్నారు, ఎవరూ అలగకూడదట. అన్నిటికీ తలూపాను. నా పాట దగ్గరికొచ్చేసరికి, "సరే, ప్రసాదం పంచేటప్పుడు వేసుకోండి" అన్నారు. ప్రసాదం పంచేటప్పుడు! నా గొయ్యి నాచేతే తవ్విస్తున్నాడీయన అనుకున్నాను. అరగంట వాదించాను, గొంతు పోయేలా బతిమాలాను, ప్రసాదానికి ముందు వేసుకోవడానికి ఒప్పించాను. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే షాపులో కుళాయి కొనడానికొచ్చినాయన నిలబడి వింటున్నాడు. "పాడించండి దీదీ, పాడించండి" అని ధైర్యం చెప్పి కుళాయి కొనకుండా వెళ్ళిపోయాడు.

రంగత్ ప్రయాణం తెల్లారకముందే. అడవి దారిలో బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి కాన్వాయ్‌గా వెళ్ళాలి, మధ్యలో ఆగడానికి లేదు. కీబోర్డుకి వానకోటు తొడిగి కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాను. గొంతు కాపాడుకోవాలని వదిన దారంతా నోరు విప్పనని ఒట్టు పెట్టుకుంది, చేతులతోనే తిట్టింది. మావయ్య నిద్రలో కూడా మోకాళ్ళ మీద దరువేస్తున్నాడు. బస్సుని ఫెర్రీ మీదికెక్కించి కాలవ దాటిస్తుంటే నేను కీబోర్డు వానకోటు గుండీలు మళ్ళీ మళ్ళీ పెట్టాను.

పందిరి స్కూలు గ్రౌండులో వేశారు. మైకుసెట్టు ఆయన, "ఏదో ఒకటి వాయించండి, సౌండ్ చూసుకుంటాను" అన్నాడు. ప్రెసిడెంటు గారు మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు జహాజ్ పాట ఎత్తుకుంటే ఈయన మనసు మార్చుకుంటారేమోనని భయపడి, రెండు సినిమా పాటలు వాయించి లేచిపోయాం. అక్కడే కొంప మునిగింది.

సాయంత్రం గ్రౌండు నిండింది. పైన నీలం టార్పాలిన్, కింద ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ. సినిమా పాటలకి ఈలలు, తమిళ పాటకి చప్పట్లు, బెంగాలీ పాటకి ఒక మూల నుంచి కేకలు. అంతా బాగానే ఉంది. సరిగ్గా నా పాట ముందు, పక్క నుంచి పులిహోర గంగాళాలు మోసుకొచ్చి దించారు. ఇంగువ పోపు వాసన గుప్పుమంది. అప్పటిదాకా మమ్మల్ని చూస్తున్న తలలన్నీ అటు తిరిగాయి.

వదిన నా వైపు ఒక చూపు చూసి ఎత్తుకుంది. "జహాజ్ వచ్చిందా దీదీ..."

వెనక ఒక పెద్దాయన లేవబోయాడు. ఆయన పంచె సర్దుకుని మళ్ళీ కూర్చున్నాడు. మొదటి చరణం దాటింది. నాకిది కొత్త రాజ్యం, అంతకుముందు జనం ఎదుట మేం అంత దూరం వెళ్ళలేదు. రెండో చరణం కూడా దాటింది. వదిన గొంతెత్తి, "జహాజ్ వచ్చిందా?" అంది.

నలుగురం ఆగిపోయాం.

ఒక్కసారే, కత్తెరతో కత్తిరించినట్టు. మావయ్య కర్రలు గాల్లో ఉన్నాయి. వదిన వంగి నీళ్ళ సీసా అందుకుంది. భయ్యా తీగ బిగిస్తున్నాడు. నేను ఇంచక్కా మెడ విరుచుకుంటున్నాను. గ్రౌండంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే నా చెవికి తేడాగా తగిలింది. విమానం ఏది? అప్పుడు గుర్తొచ్చింది, మేం రంగత్‌లో ఉన్నామని.

మావయ్య కేసి చూశాను. ఆయన కర్రలు దించడం లేదు. విమానం పోయాక దించడం ఆయనకి అలవాటు, రానిది ఎలా పోతుంది? టార్పాలిన్ కేసి మొహమెత్తి చూస్తున్నాడు. "మావయ్యా!" అని పళ్ళ మధ్య నుంచి పిలిచాను. "ఉండవే కోడలా, ఇంకా రానేదు" అన్నాడు, అది కూడా మైకులో పడింది. ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు. అయిపోయింది, నా పాట పీడ విరగడైంది అనుకున్నాను.

అప్పుడు ముందు వరసలో ముసలమ్మ గొడుగు ఎత్తింది. తననే అడిగారనుకుంది కాబోలు.

"రానేదమ్మా! గాలివానని ఆపేసినారంట!"

గ్రౌండు గొల్లుమంది. వెనక నుంచి ఎవరో అరిచారు: "టమాటర్ భీ నహీ ఆయా దీదీ!" ఆ నవ్వుల హోరుకి మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. విమానం హోరనే అనుకున్నాడేమో, అది తగ్గగానే కర్రలు దించి టక్ టక్‌మన్నాడు. ఎత్తుకున్నాం. ఈసారి వదిన "జహాజ్ వచ్చిందా?" అనగానే ఎవరూ చెప్పకుండానే నలుగురం ఆగాం, గ్రౌండంతా "రాలేదూ!" అంది. పులిహోర గరిటె పట్టుకున్నాయన కూడా అన్నాడు. వదిన మళ్ళీ అడిగింది, వాళ్ళు మళ్ళీ అన్నారు. పిల్లలు ముందుకొచ్చారు, వాళ్ళ వెనక తల్లులు, వాళ్ళ వెనక ఆ పంచె పెద్దాయన. చివరికి కూర్చున్నది ముసలమ్మ ఒక్కర్తే, ఆవిడ గొడుగుతో తాళం వేస్తోంది.

స్టేజి వెనక వదిన నన్ను పట్టుకుంది.

"చూడమ్మా, షరతంటే షరతే. కుర్చీల్లోంచి లేచారు."

"ముందుకి లేచారు వదినా, వెనక్కి కాదు."

"లేచారా లేదా?"

"లేచారు" అన్నాను.

"అయితే ఈసారి నుంచి ఆ పాటకి కుర్చీలు తీసెయ్యమని ముందే చెప్పు" అని మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఇక్కడ వదిన ఏడ్చిందని నేను చెప్తుంటే, వినకుండా జలుబని రాస్తానంటోంది. జలుబూ లేదు, గిలుబూ లేదు. ఏడ్చింది.